నీలిమంట ఆరేదాకా

తలుపు తీయగానే మీతోపాటు తెల్లటి ఆవిరి కూడా లోపలికి దూరుతుంది. బయట మైనస్ 35 డిగ్రీలు. రష్యా ఉత్తరాన, అర్ఖాంగెల్స్క్ ప్రాంతంలో ఓ పల్లె. మీరు అడుగుపెట్టింది ఇజ్బాలో, పైన్ దుంగలు పేర్చి కట్టిన ఇంట్లో. దుంగకీ దుంగకీ మధ్య వేలు పెట్టి చూడండి. ఎండిన నాచు మెత్తగా తగులుతుంది. గాలి చొరబడకుండా కూరింది దాన్నే.

గదిలో సగం పొయ్యే ఆక్రమించింది. ఇటుకలతో కట్టి సున్నం కొట్టారు. మీకంటే ఎత్తు. ఆ ఇంటి అవ్వ లోపల బర్చ్ కట్టెలు పేర్చి, బర్చ్ బెరడు ముక్క అంటించి కిందికి తోస్తుంది. తడిసినా అంటుకునే బెరడది. చిటపటలాడుతూ నల్లటి పొగ కక్కుతుంది. కాసేపటికి కట్టెలు భగ్గుమంటాయి. చేతులు చాపుతారు. మొహం చుర్రుమంటుంది, వీపు మాత్రం వణుకుతూనే ఉంటుంది. మంట మొదట ఇటుకను వేడెక్కించాలి. మీ వంతు ఆ తర్వాతే.

గంటలు గడిచి నిప్పులు మిగులుతాయి. పొగగొట్టం మూసేస్తే వేడి పోదు కదా అని మీరు చెయ్యెత్తుతారు.

"ఆగు నాయనా!"

అవ్వ చూపిన వైపు చూడండి. నిప్పుల మీద సన్నటి నీలిమంటలు పాకుతున్నాయి. అవి కనిపిస్తున్నాయంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతోందన్నమాట. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తొందరపడి మూత వేసి పడుకున్నవాళ్లు మళ్లీ లేవలేదు. మరీ ఆలస్యమైతే ఇటుకల్లో దాచిన వేడంతా గాలిపాలు. అవ్వ ఇనపచువ్వతో నిప్పులు కెలికి, సగం కాలిన కొరకంచు ఒక్కటైనా మిగిలిందేమో వెతుకుతుంది. నీలిరంగు పూర్తిగా పోయాక కూడా కాసేపు ఆగుతుంది. అప్పుడు వేస్తుంది పొగగొట్టం మూత.

ఇప్పుడు పొయ్యి గోడకు వీపు ఆనించండి. వేడి నెమ్మదిగా ఎముకల దాకా దిగుతుంది. క్యాబేజీ పులుసున్న ఇనప కుండను అవ్వ పొయ్యిలోకి తోసింది. మన దాలిలో పాలు కాగినట్టు, మంట లేకుండానే అది సాయంత్రం దాకా మగ్గుతుంది. రాత్రికి పొయ్యి మీదే పక్క వేస్తారు. ఇంట్లో అంతకంటే వెచ్చటి చోటు లేదు.

పడుకోబోతుంటే అవ్వ మీ చేతికి కోటు అందిస్తుంది. "రేపటి కట్టెలు ఇప్పుడే తెచ్చి పెట్టు. తెల్లారేసరికి మంచు కరిగి ఆరాలి."