ఒక పేరు – ఎన్ని స్పెల్లింగులు!

మన ఊరి పేరును తెలుగులో రాయమంటే రెండో క్లాసు పిల్లవాడు కూడా 'రాజపాళయం' అని ఒకే రకంగా రాస్తాడు. ఇంగ్లీషులో రాయమంటే పెద్దవాళ్లే రెండు రకాలుగా రాస్తారు. 'ఎల్' తర్వాత కొందరు 'ఏ, వై' వేస్తారు, కొందరు 'ఏ, ఐ, వై' వేస్తారు. తమిళంలో ఆ చోట 'ళై' ఉంది కాబట్టి దాన్ని చూసి రాసినవారు 'ఐ' చేర్చారు. పాళయం అంటే సైన్యం విడిది చేసిన చోటు. ఆంధ్రలో ఎన్నో ఊర్ల పేర్ల చివర ఉండే 'పాలెం' కూడా ఇదే మాట.

ఇంటిపేర్లలోనూ ఈ వింత ఉంది. మన ఊరివారైన పి. ఎస్. కుమారస్వామి రాజా గారు 1949 నుండి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని పాలించారు, తర్వాత ఒరిస్సా గవర్నరు అయ్యారు. ఆయన ఇంటిపేరు పూసపాటి. దాన్ని ఇంగ్లీషులో 'పి' తర్వాత రెండు 'ఓ'లు పెట్టి రాస్తారు. విజయనగరం రాజులదీ పూసపాటే, కానీ వాళ్లు ఒక్క 'యు' పెడతారు. అక్కడ పేరు చివర 'రాజు' అంటారు, ఇక్కడ మనం 'రాజా' అంటాము. తెలుగులో చూస్తే ఒకే ఇంటిపేరని వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషులో చూస్తే వేరే వేరే వంశాలేమో అనిపిస్తుంది!

రైల్వేవాళ్ల కోడ్‌లు చూస్తే ఇంకా సరదాగా ఉంటుంది. విరుదునగర్ స్టేషన్ కోడ్ 'వి పి టి'. ఆ ఊరికి 1923 దాకా విరుదుపట్టి అని పేరు. పేరు మారి వందేళ్లు దాటినా కోడ్‌లో పాత పేరే ఉంది. విజయవాడ కోడ్ 'బి జెడ్ ఏ', అంటే బెజవాడ. తిరుచ్చి కోడ్ 'టి పి జె'లో దొరల కాలపు ట్రిచినోపలి దాగి ఉంది.

2020లో తమిళనాడు ప్రభుత్వం 1018 ఊర్ల ఇంగ్లీషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు తగినట్టు మార్చింది. పది అక్షరాల కోయంబత్తూరు పద్నాలుగు అక్షరాలైంది. జనం ఇదేమిటని అడిగారు. జూన్ నెలలో బయటికి వచ్చిన ఆ ఉత్తర్వును ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. తప్పు తమిళానిది కాదు, ఇంగ్లీషు వాళ్లదీ కాదు. మన దీర్ఘాలకు, 'ళ'కు, 'త-థ' తేడాకు సరిపడా అక్షరాలు ఆ ఇరవై ఆరులో లేవు, అంతే.

ఇంగ్లీషు వాళ్లకే తమ స్పెల్లింగు చాలాకాలం కుదరలేదు. షేక్‌స్పియర్ చేసిన సంతకాలు ఆరు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా మనం ఇప్పుడు పరీక్షలో రాసే స్పెల్లింగులో లేదు. నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులో 'కలర్' అనే మాటలోంచి 'యు' తీసేశాడు. అమెరికా వాళ్లు అలాగే రాస్తున్నారు.

"ఈ చిల్లర సంగతులు తెలుసుకుంటే మార్కులు వస్తాయా?" అని కొందరు అడుగుతారు. మార్కులు రావు. కానీ మా తాత పేరు ఒక కాగితంలో 'రాజా' అని, ఇంకో కాగితంలో 'రాజు' అని ఉంది. ఇద్దరూ ఒకరే అని నిరూపించడానికి ఆయన ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆ రెండు మాటల వెనుక ఒక ప్రయాణం ఉందని, తెలుగు నేల నుండి మన పెద్దలు ఇక్కడికి వచ్చిన చరిత్ర ఉందని, కౌంటరులో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? మనకే తెలియకపోతే చెప్పేదెవరు?

కాబట్టి మిత్రులారా, ఈ సెలవుల్లో ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తీసి చూడండి. ఎవరి పేరు ఎన్ని రకాలుగా ఉందో ఒక నోటుబుక్కులో రాయండి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఏ స్పెల్లింగు పడుతుందో అదే జీవితాంతం మనతో వస్తుంది, కనుక ముందే అమ్మానాన్నలను అడిగి సరిచూసుకోండి. ఆ నోటుబుక్కు మొదటి పేజీలో మాత్రం మీ ఇంటిపేరుతో సహా పూర్తి పేరును తెలుగులో రాసి పెట్టండి. అక్కడ రెండో స్పెల్లింగు ఉండదు.