పనికి ఎట్లా వెళ్తారు?

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. మిరపకోతలకు ఆదివారం సెలవుండదు. పండిన కాయ చెట్టు మీద వాడిపోకముందే కోసి కల్లానికి చేర్చాలి. పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెం ఆడవాళ్లు ఆ రోజూ కోతకు పోయారు.

ఈ నెలల్లో సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా తెల్లవారుజాము ఇట్లాగే ఉంటుంది. చీకటితోనే పొయ్యి వెలిగించి, అన్నం క్యారేజీలో సర్దుకుని, చీర మీద ఇంట్లో మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరతారు. వీధి చివర ట్రాక్టరు ఆగి ఉంటుంది. టైరు మీద కాలు పెట్టి, పైనున్నామె చెయ్యందిస్తే ట్రక్కులోకి ఎక్కాలి. "జరుగు వదినా, అత్తమ్మను కూర్చోనీ." పట్టుకోవడానికి రేకు అంచు, లేకపోతే పక్కామె భుజం.

ఆ ట్రక్కు పుట్టింది బస్తాలకూ ఎరువులకూ. ట్రాక్టరుకు ఒక్క పిన్నుతో తగిలించి ఉంటుంది. చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. బస్తాలైతే అడుగున కుదురుగా పడి ఉంటాయి. మనుషులు నిలబడతారు, అంచున కూర్చుంటారు, కుదుపుకు ఒకవైపు ఒరుగుతారు. ఒక చక్రం కట్ట అంచు దిగిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఫిబ్రవరి 9న చాగంటివారిపాలెం ఆడవాళ్లు పని ముగించుకుని ఇంటికి వస్తుండగా, బొల్లవరం దగ్గర కాలువ కట్ట మీద వాళ్ల ట్రాక్టరు తిరగబడింది. నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. దెబ్బలు తగిలినవాళ్లను సత్తెనపల్లి ఆసుపత్రికి తెచ్చారు.

ఇది కొత్త కథ కాదు. 2020 మేలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. 2023 మేలో పొందుగల దగ్గర కూలీల ఆటోను లారీ ఢీకొంది. రెండుచోట్లా మిరప పనికి పోయే బతుకులే. ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: ట్రక్కుల్లో మనుషులు ఎక్కకూడదని చట్టం ఉందిగా? ఉంది. మరి దేంట్లో ఎక్కాలో చట్టం చెప్పదు.

ట్రక్కు కాక బస్సు ఎక్కాలంటే ముందు రోడ్డు కావాలి. ఆ రోడ్డు రావాలంటే జనాభా లెక్క చూస్తారు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనకు మైదాన ప్రాంతంలో 500 మంది గీటురాయి. ఆ రోడ్డు ఊరి దాకా వస్తుంది. మిరపతోట ఊరికి అవతల, డొంకలోనో కాలువ కట్ట పక్కనో ఉంటుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. మంచి పనే, సత్తెనపల్లి ఆసుపత్రికీ సంతకూ పనికొస్తుంది. కానీ పల్లెవెలుగు డొంకలోకి దిగదు, పొద్దు పొడవకముందే కూలీల కోసం వచ్చి నిలబడదు.

ఎందుకు రాదో లెక్కల్లోనే కనిపిస్తుంది. సత్తెనపల్లి పట్టణంలో 56,721 మంది ఉన్నారని చెప్పిన 2011 జనగణన, పనికి ఎంత దూరం, ఏ వాహనంలో వెళ్తారని కూడా అడిగింది. నడకా, సైకిలా, బస్సా, రైలా అని వివరంగా పట్టికలు వేసింది. అవి ఎవరివి? "ఇతర పనివాళ్ల"వి. అంటే రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల వాళ్లు పోగా మిగిలినవాళ్లవి. పొలం ఇంటి పక్కనే ఉంటుందనుకున్నారేమో! మండలం దాటి, ఒక్కోసారి జిల్లా దాటి కోతకు వెళ్లే మనిషి ప్రయాణం ఆ పట్టికల్లో లేదు. లెక్కలో లేని ప్రయాణానికి ఏ డిపో మేనేజరు బస్సు వేస్తాడు?

2011లో జనగణన ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ మొదటి తేదీ ట్రాక్టరు తిరగబడిన రోజుతో కలవడం కాకతాళీయమే, కానీ అది కోతల కాలం. వచ్చే జనగణనలో మనుషుల లెక్కింపు కూడా 2027 ఫిబ్రవరిలోనే. పగటిపూట వస్తే ఈ ఇళ్లకు తాళాలుంటాయి, దీపాలు పెట్టాక రావాలి.