పచ్చిక మీద మూడు పేర్లు

అట్లాంటాకు ఉత్తరాన, అపలాచియన్ కొండలు మొదలయ్యే చోట బిగ్ కెనూ ఉంది. దాన్ని ఊరనాలంటే నాకు నోరు రాదు. బజారూ రచ్చబండా ఉన్న చోటు కాదది. సుమారు 8,000 ఎకరాల అడవిలో, గేటుకు లోపల, చెట్ల చాటున ఇళ్లు, చెరువులు, లోయలో గోల్ఫ్ మైదానం. 1972లో మొదలైంది. లోపల ఇల్లున్న మిత్రుడు మా పేర్లు ముందే చెప్పి ఉంచాడు కాబట్టి గేటు తీశారు.

గోల్ఫ్‌లో తొమ్మిదేసి హోల్స్ ఒక వరుస. ఇక్కడ మూడు వరుసలున్నాయి. వాటి పేర్లు చెరోకీ, చాక్టా, క్రీక్. మూడూ ఆదివాసీ జాతుల పేర్లే. మూడు జాతులనూ 1830ల్లో తమ నేల నుంచి మిసిసిపీ నది అవతలికి తరిమేశారు.

ఈ కొండలు చెరోకీలవి. 1820ల చివర దగ్గర్లోని డలోనెగా వైపు బంగారం బయటపడింది. ఇక జార్జియా రాష్ట్రం ఆగలేదు. 1832లో ఈ నేలను లాటరీకి పెట్టింది. ఒక డ్రమ్ములోంచి పేరు, ఇంకో డ్రమ్ములోంచి భూమి చీటీ. మామూలు నేలైతే 160 ఎకరాలు, బంగారం ఉందనుకున్నదైతే 40. అప్పటికి చెరోకీలు ఆ ఇళ్లలోనే ఉన్నారు, ఆ పొలాలే దున్నుకుంటున్నారు. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి పరాయివాళ్ల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. ఇక్కడ ప్రభుత్వమే చీటీలు తీసి పంచిపెట్టింది. చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు అదే ఏడాది తేల్చిచెప్పినా లాటరీ ఆగలేదు. 1835లో కొద్దిమంది చెరోకీల చేత నేల వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. పెద్ద నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు. 1838లో సైన్యం వచ్చింది. సుమారు 16,000 మందిని కదిలిస్తే, దారిలోనూ శిబిరాల్లోనూ నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంచనా. దాన్నే కన్నీటి బాట అంటారు.

వీళ్లు అక్షరం తెలియనివాళ్లని మాత్రం అనుకోకండి. సెకోయా అనే చెరోకీ మనిషి, ఇంగ్లీషు చదవడం రానివాడు, ఏళ్ల తరబడి కూర్చుని 1821 నాటికి తన భాషకు లిపి తయారుచేశాడు. అది చూసినప్పుడు మన గుణింతమే గుర్తొచ్చింది నాకు. హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం. కాకపోతే మన క, కి, కులలో పోలిక కనిపిస్తుంది, వాళ్లకు దేని రూపం దానిదే. మొత్తం 85 అక్షరాలు. 1828లో, ఇదే జార్జియాలోని న్యూ ఎకోటాలో, ఆ అక్షరాలతో పత్రిక కూడా అచ్చువేశారు.

మిత్రుడు ఆడుతుంటే చెరోకీ వరుస గట్టు మీద కూర్చున్నాను. ఆ పేరు ఎక్కడిదో చెబితే అతను గోల్ఫ్ కర్ర కింద పెట్టి చాలాసేపు విన్నాడు. ఇక్కడ ఆ పేరైతే ఉంది, లిపి మాత్రం నా కంటపడలేదు. వాళ్లను తోలిన ఓక్లహోమాలో అయితే అది కనిపిస్తుంది. అక్కడ తాలెక్వాలో వీధుల పేర్లు నేటికీ ఇంగ్లీషుతో పాటు సెకోయా అక్షరాల్లోనూ రాసి ఉంటాయి.