రామప్ప చెరువుకట్ట

నేటి ములుగు జిల్లాలోని పాలంపేటకు బోవువారెల్లరు రామప్పగుడి శిల్పమును గాంచి మరలుదురు. చేరువనే కొండల నడుమ, అడవి యంచున నున్న చెరువును జూచువారు కొందఱే. నేను శిష్యులతో నచట గుడారము వేసికొని యొకరాత్రి గడపితిని.

కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెనని శాసనము చెప్పుచున్నది. ఊరు, గుడి, చెరువు మూటిని గూర్చి నిలుపుట కాకతీయుల నాటి పద్ధతి. గుడిలో దీపము వెలుగవలెనన్న మాన్యము పండవలెను. మాన్యము పండవలెనన్న చెరువు నిండవలెను. కావుననే వారు కొండల సందునకు మట్టికట్ట వేసి వాననీటిని నిలిపి, తూముల ద్వారా పొలములకు బాఱించిరి.

2021లో యునెస్కో యా గుడిని ప్రపంచవారసత్వముగ నెన్నినది. సంతోషమే. కాని చెరువును మఱవరాదు. కట్టపై చెట్లు మొలచిన వేళ్లు మట్టిని దొలుచును. పూడిక పేరిన నీరు తగ్గును. ఱాతిగుడి పలుతరములు నిలుచును. మట్టికట్ట యేటేట మన పాఱను గోరును. పెద్దలగు మీరు ఈ వేసవిలో మీ యూరి చెరువుకట్టపై నొకమాఱు నడచి చూడుడు.