గాలివాన, ఉప్పెన: విశాఖతీరమున విపత్తుల గణన

ఆంధ్రదేశపు తూర్పుతీరమున పుట్టి పెరిగినవారికి గాలివాన వేఱు, ఉప్పెన వేఱు. మొదటిది ఇంటికప్పు నెగురగొట్టును. రెండవది ఊరినే ముంచును. పరభాషలనుండి వచ్చిన తుపాను శబ్దము ఈ రెంటిని ఒక్కమాటలో నిమిడ్చినది. ఈ భేదము నిఘంటుకారునికి మాత్రమే సంబంధించినది కాదు. ఏ ఊరికి ఏ ముప్పు ఎంతయని నిర్ణయించునపుడు దీనిని విస్మరించినచో కలుగు పొరపాటునకు విశాఖపట్టణము మంచి నిదర్శనము. ఆ సంగతిని చరిత్రక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

తీరమున ముప్పును మొదట లెక్కించినది మృతుల సంఖ్యను బట్టియే. గోదావరీముఖమున నున్న కోరంగి రేవును 1789 డిసెంబరులో ఉప్పెన ముంచెత్తినది. మూడు పెనుకెరటములు ఒకదానివెనుక నొకటి వచ్చినవని కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ వర్ణించెను. ‘సైక్లోన్’ అను ఆంగ్లపదమును కల్పించి, 1848లో నావికులకై వ్రాసిన గ్రంథముద్వారా వ్యాప్తిలోనికి తెచ్చినవాడు నీతడే. 1839 నవంబరులో కోరంగి మఱల మునిగినది. ఈ రెండవ ఉప్పెనలో 3 లక్షలమంది మరణించిరనియు, 20,000 ఓడలు నాశనమయ్యెననియు ప్రపంచవిపత్తుల పట్టికలలో నేటికిని అచ్చగుచున్నది. నాకీ సంఖ్యలయందు విశ్వాసము లేదు. అన్ని ఓడలకు ఆ నదీముఖమున తావెక్కడిది? ఒకరు వ్రాసినదానిని వేఱొకరు ఎత్తివ్రాయగా సంఖ్య స్థిరపడినట్లు తోచుచున్నది. మూలము నరయక గైకొన్న సంఖ్యపై కట్టిన అంచనా ఎంతవరకు నిలుచును?

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును కబళించిన ఉప్పెన విషయము ఇంతకంటె స్పష్టము. అందు రమారమి 30,000 మంది మరణించిరి. దానికి నెలలోపుననే, అక్టోబరు 5న, కలకత్తాను పెనుగాలివాన ధ్వంసము చేసియుండెను. మఱుసటి సంవత్సరమున కలకత్తా రేవునకు ముందస్తు హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. రేవులలో పగలు శంకువులతోను స్తంభాకృతులతోను, రాత్రి దీపములతోను ఎగురవేయు ప్రమాదసూచికలు మన పల్లెకారులకు సుపరిచితములు. వానిలో 10వది మహాప్రమాదమును తెలుపును. 11వది ఇంకను విచిత్రమైనది: హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని మాత్రమే దాని యర్థము.

విశాఖ రేవు 1933లో తెరువబడినది. డాల్ఫిన్స్ నోస్ కొండ దానికి దక్షిణమున అడ్డుగోడవలె నిలిచియున్నది. ఇచట ఒడ్డునకు చేరువనే సముద్రము లోతగును. కృష్ణా గోదావరీ ముఖములవద్దనో బహుదూరము మెరకయే. గాలిచే త్రోయబడిన నీరు మెరకసముద్రమున పైకిలేచి పల్లపునేలపై బడును. లోతుసముద్రమున అంతగా లేవదు. కావుననే 1977 నవంబరు 19న దివిసీమలో దాదాపు 10,000 మంది ప్రాణములు పోయినవి. పిమ్మట ప్రభుత్వము పూనిన రక్షణకార్యము ముఖ్యముగ డెల్టాపల్లెల నుద్దేశించినది. అది వ్యర్థము కాలేదు. 1990 మే నెలలో కృష్ణాముఖమున విరుచుకుపడిన తుపానునందు లక్షకుపైగా జనమును ముందే తరలించుటచే మృతులు వేయిలోపుననే నిలిచిరి.

విశాఖలో 1970లో తుపానులను కనిపెట్టు రాడారును, 1974లో హెచ్చరిక కేంద్రమును నెలకొల్పిరి. నగరము పరులకు కావలి కాచుచు, తనకు కొండయు లోతుసముద్రమును అండగా నున్నవని నమ్మినది. ఉప్పెన విషయమున ఆ నమ్మిక అసత్యము కాదు.

2014 అక్టోబరు 12 మధ్యాహ్నప్రాంతమున హుద్‌హుద్ తుపాను విశాఖవద్దనే తీరము దాటినది. రేవులో నీటిమట్టము పోటుమట్టముకంటె 1.4 మీటరులు మాత్రమే పెరిగినది. గాలివేగమో, గంటకు 180 కిలోమీటరులని వాతావరణశాఖ నిర్ణయించినది. విమానాశ్రయపు కప్పు చీలినది; విద్యుత్తు లేక ఉక్కు కర్మాగారమున ఉత్పత్తి నిలిచినది; పచ్చని కొండలు ఒక్కపూటలో మోడువారినవి. కావలి కాచిన రాడారునకే దెబ్బ తగిలినది. ముందే అందిన హెచ్చరికవలన మృతులు పదులతో ఆగిరి. నష్టము మాత్రము 20,000 కోట్ల రూపాయలకు మించినదని రాష్ట్రప్రభుత్వము లెక్కించినది. వచ్చినది గాలివాన, మనము భయపడుచుండినది ఉప్పెనకు.

గాలిని ఎవరును లెక్కింపలేదనుట న్యాయము కాదు. 1987నాటి భారతీయ ప్రమాణసంహిత విశాఖకు మూలవేగము సెకనునకు 50 మీటరులుగా విధించినది. గుణించి చూచిన అదియు గంటకు 180 కిలోమీటరులే! కాని యీ సామ్యము పైపైది. సంహితలోని వేగము 3 సెకనుల విసురునకు సంబంధించినది. వాతావరణశాఖ చెప్పునది 3 నిమిషముల సగటు. అంత సగటు గల గాలిలో విసురులు ఇంకను హెచ్చుగ నుండును. పైగా సంహిత చెప్పు వేగము 50 ఏండ్లకొకసారి మించదగినది. దీనిని ‘ఒకసారి వచ్చినది, ఇక 50 ఏండ్లు భయము లేదు’ అని పలువురు భావింతురు. ఏటికి నూటికి రెండువంతుల అవకాశమని దాని యర్థము. ఆ లెక్కన 50 ఏండ్లలో ఒకసారియైన మించుటకు నూటికి 64 వంతుల అవకాశము కలదు. మించిన మఱుసటి యేటను అవకాశము రెండువంతులే.

2015లో ప్రకటితమైన సంహితాసవరణ తూర్పుతీరమున 60 కిలోమీటరుల వెడల్పుగల మేరకు, మూలవేగమును హెచ్చించు నొక గుణకమును చేర్చినది. తుపాను వెలిసినపిదప అత్యవసరములగు కట్టడములకు అది 1.30. గాలి ఒత్తిడి వేగవర్గము ననుసరించునుగాన, అట్టి కట్టడము ఇంచుమించు 1.7 రెట్లు ఒత్తిడికి ఓర్వవలెను. పరిశ్రమల కట్టడములకు గుణకము 1.15. సామాన్యుల ఇండ్లకు 1.