నాజీ జర్మనీ పాఠ్యపుస్తకములలో ప్రచారము - ఒక పరిశీలనము

నియంతృత్వ ప్రభుత్వములు బాలుర మనస్సులను లోబరచుకొనుటకు చేసిన యత్నములను గూర్చి వ్రాయువారు సాధారణముగా కవాతులను, జెండాలను, చలనచిత్రములను ముందుగా పేర్కొందురు. ఇవి కొట్టవచ్చినట్లు కనబడు సాధనములు. కాని 1933 మొదలు 1945 వరకు జర్మనీని పాలించిన నాజీ ప్రభుత్వపు విద్యావిధానమును పరిశీలించినచో, ఇంతకంటె నిశ్శబ్దముగా పనిచేసిన సాధనమొకటి గోచరించును. అది పాఠ్యపుస్తకము, అందును గణిత పాఠ్యపుస్తకము. ఈ వ్యాసమున మేము దానినే ప్రధానముగా విచారింపదలచితిమి.

ముందుగా ఆనాటి పాఠశాలల స్థితిని సంగ్రహముగా చెప్పుట యుక్తము. 1933 ఏప్రిల్ 7వ తేదీ నాటి ప్రభుత్వోద్యోగుల చట్టముచే యూదులును, ప్రభుత్వ విరోధులును అయిన ఉపాధ్యాయులు తొలగింపబడిరి. 1938 నవంబరులో యూదు బాలబాలికలు జర్మను పాఠశాలలనుండి పూర్తిగా బహిష్కృతులైరి. మిగిలిన ఉపాధ్యాయులలో అత్యధికులు నాజీ ఉపాధ్యాయ సంఘమున చేరిరి. 1932 చివర సుమారు 1 లక్ష సభ్యులు గల హిట్లరు యువజన సంఘము 1936 చివరకు సుమారు 54 లక్షలకు పెరిగెను. 1939 మార్చిలో సభ్యత్వము నిర్బంధమయ్యెను.

ఈ కాలపు బాలసాహిత్యమున మిక్కిలి అపకీర్తి పొందినది 1938లో వెలువడిన 'డేర్ గిఫ్ట్‌పిల్జ్', అనగా 'విషపు పుట్టగొడుగు'. ఎర్న్‌స్ట్ హీమర్ రచించిన ఈ బొమ్మల పుస్తకమును యూలియస్ స్ట్రైఖర్ ప్రచురణాలయము ప్రకటించెను. అందొక తల్లి కుమారునకు మంచి పుట్టగొడుగులను, విషపు పుట్టగొడుగులను వేరుచేసి చూపి, మనుష్యులలోను అట్టి భేదము కలదనియు, యూదులు విషతుల్యులనియు బోధించును. న్యూరెంబర్గు విచారణలో ఈ పుస్తకము సాక్ష్యముగా ప్రవేశపెట్టబడెను. స్ట్రైఖర్ 1946 అక్టోబరు 16న ఉరితీయబడెను.

ఇట్టి పుస్తకమునందలి ద్వేషము దాగియుండునది కాదు. దానిని గుర్తింపదలచిన తండ్రి గుర్తింపగలడు. గణిత ప్రశ్న అట్లు కాదు. అడాల్ఫ్ డోర్నర్ సంపాదకత్వమున 1935లో వెలువడిన గణిత గ్రంథమున ఒక లెక్క కలదు. దాని సారాంశమిది: మానసిక రోగుల చికిత్సాలయ మొకటి కట్టుటకు 60 లక్షల మార్కులు వ్యయమగును, ఇల్లొక్కింటికి 15,000 మార్కుల చొప్పున ఆ ధనముతో ఎన్ని ఇండ్లు నిర్మింపవచ్చును? విద్యార్థి భాగహారము చేసి 400 అని వ్రాయును. ఉత్తరము సరియైనదే. ఉపాధ్యాయునకు దిద్దవలసిన తప్పు లేదు.

తప్పు ప్రశ్నలోనే కలదు. రోగికి చేయు సంరక్షణమును, ఆరోగ్యవంతుని గృహమును ఒకదానికొకటి పోటీగా నిలిపి, ఒకటి వ్యర్థవ్యయమను భావమును ప్రశ్న ముందే అంగీకరింపజేసెను. రోగులను ద్వేషింపుమని అది ఎచ్చటను చెప్పదు. వాదమే చేయలేదు గనుక ప్రతివాదమునకు తావు లేదు. అసత్యమును సత్యముతో ఖండింపవచ్చును. సరియైన లెక్కను దేనితో ఖండింతుము?

ఈ భావము పాఠ్యపుస్తకముతో పుట్టినది కాదు. 1920లోనే బిండింగ్, హోఖె అను న్యాయశాస్త్ర, వైద్యశాస్త్ర పండితులు జీవించుటకు అర్హత లేని జీవితములు కలవని ఒక పుస్తకమున ప్రతిపాదించిరి. పోషణ వ్యయమును గూడ అందు లెక్కించిరి. పాఠ్యపుస్తకము చేసినదేమనగా, పండితుల వివాదాంశమును బాలుర నిత్యాభ్యాసముగా మార్చుట. 1933 జూలై 14వ తేదీ నాటి చట్టము ననుసరించి సుమారు 4 లక్షల మందికి నిర్బంధముగా సంతాన నిరోధ చికిత్స జరిగెను. 1940 జనవరి మొదలు 1941 ఆగస్టు వరకు ఆరు కేంద్రములలో రోగులు విషవాయువుచే చంపబడిరి. ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కేంద్రమున 1945లో లభించిన ఒక పట్టికలో మృతుల సంఖ్య 70,273గా చూపబడినది. వారి మరణమువలన పది సంవత్సరములలో 88 కోట్ల మార్కులకు పైగా మిగులునని లెక్క కట్టబడినది. డోర్నరు పుస్తకము ఈ హత్యలకు కారణమని మేము చెప్పుటలేదు. ఆ పట్టికను వ్రాసినవారు ఆ పుస్తకమును చదివి పెరిగిన బాలురు కారు. కాని బడిలోని లెక్కకును, ఆ పట్టికకును పద్ధతి యొక్కటియే.

1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ నగరమున బిషప్ గాలెన్ ఈ హత్యలను బహిరంగముగా ఖండించెను. ఆయన వ్యయమును తగ్గించి చూపుటకు యత్నింపలేదు. ఉత్పత్తి చేయలేనివాడు జీవింపరాదా అని ఆ లెక్కకు మూలమైన భావమునే ప్రశ్నించెను. ఆ నెలలోనే విషవాయు కేంద్రములలో ఈ కార్యక్రమము నిలిపివేయబడెను. అయితే ఇతర మార్గముల హత్యలు 1945 వరకు సాగెను.

ఈ బోధన ఫలము ప్రభుత్వముతోనే అంతరింపలేదు. ఫోయిగ్ట్‌లెండర్, ఫోత్ అను పరిశోధకులు 1996, 2006 సంవత్సరముల అభిప్రాయ సేకరణములను పరిశీలించి 2015లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, నాజీ పాలనలో పెరిగిన తరమున యూదు ద్వేషము ఇతర తరములకంటె అధికము. అంతకుముందే ఆ ద్వేషము బలముగానున్న ప్రాంతములలో ఈ బోధన మిక్కిలి ఫలించినదనియు వారు తెలిపిరి.

కావున పాఠ్యపుస్తకమును పరిశీలించువారు అది ఏమి చెప్పుచున్నదని మాత్రమే చూచుట చాలదు. ఏమియు చెప్పకయే దేనిని ఒప్పించుచున్నదో గూడ చూడవలెను. ఆ తరగతి గదులలో 400 అను ఉత్తరమునకు మార్కులు లభించెను. ఆ ప్రశ్న అడుగదగినదేనా యని విచారించుట ఉపాధ్యాయుని పని. ఆ పని జరుగకున్నచో ఎట్టి నష్టము కలుగునో హార్ట్‌హైమ్ పట్టిక తెలుపుచున్నది.