మన్నింపు మూల్యం: విక్టోరియన్ ప్రణయ నవలలో రెండో అవకాశం, వివాహ చట్టం

ఉపోద్ఘాతం

విక్టోరియన్ ఇంగ్లండును నేపథ్యంగా తీసుకొని నేడు వెలువడుతున్న చారిత్రక ప్రణయ నవలల్లో విశేషాదరణ పొందిన ఇతివృత్తాల్లో ఒకటి విడిపోయిన జంట తిరిగి ఒకటి కావడం. అపార్థం, ఎడబాటు, పశ్చాత్తాపం, మన్నింపు అన్న వరుసలో కథ సాగుతుంది. మన్నించడం మనసుకు సంబంధించిన విషయమనీ, మనసు మారితే దాంపత్యం మళ్లీ చిగురిస్తుందనీ ఈ నవలలు భావిస్తాయి. అయితే విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్యకాలంలో మన్నింపు న్యాయస్థానం లెక్కలోకి తీసుకునే చర్య. దానికి చట్టపరమైన ఫలితం ఉండేది. ఆ ఫలితం భార్యాభర్తలపై సమానంగా పడేది కాదు. ఈ తేడాను గమనించకుండా రెండో అవకాశపు కథలను చరిత్రగా చదవడం కుదరదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ఒక విభజన అవసరం. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ ‘పర్సుయేషన్’లో విడిపోయినవారు అవివాహితులు. ఎనిమిదేళ్ల తరువాత వారు కలవడానికి అడ్డువచ్చినవి హోదా, అభిమానం మాత్రమే. పెళ్లి జరిగిన తరువాత విరిగిన బంధం సంగతి వేరు. అక్కడ మూడో పాత్రగా చట్టం ప్రవేశిస్తుంది.

1857 చట్టం: ఇద్దరికి రెండు కొలతలు

1857కు పూర్వం ఇంగ్లండులో వివాహ వివాదాలు చర్చి న్యాయస్థానాల పరిధిలో ఉండేవి. అవి దంపతులు వేరుగా ఉండటానికి అనుమతించగలవే తప్ప పునర్వివాహానికి కాదు. మళ్లీ పెళ్లాడాలంటే పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. అది సంపన్నులకు మాత్రమే సాధ్యమైన మార్గం. ఆ మార్గంలో విడాకులు పొందిన స్త్రీలు నలుగురే. వారిలో మొదటిది 1801 నాటి జేన్ ఆడిసన్ కేసు.

1857లో చేసిన వివాహ వివాదాల చట్టం ఈ అధికారాన్ని పౌర న్యాయస్థానానికి బదిలీ చేసింది. 1858 జనవరి నుంచి కొత్త న్యాయస్థానం పనిచేయసాగింది. అయితే భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లకు పైబడిన పరిత్యాగమో, ద్విభార్యాత్వమో, అటువంటి మరొక నేరమో కూడా చూపాలి. ఈ అసమానత 1923 వరకు కొనసాగింది.

విడాకులకు అడ్డంకులుగా చర్చి న్యాయస్థానాల నుంచి సంక్రమించిన రెండు సూత్రాలు మన చర్చకు కీలకం. మొదటిది మన్నింపు. తప్పు తెలిసిన తరువాత కూడా భాగస్వామిని తిరిగి దాంపత్యంలోకి స్వీకరిస్తే, ఆ తప్పు ఆధారంగా విడాకులు కోరే హక్కు పోతుంది. రెండోది కుమ్మక్కు. ఇద్దరూ మాట్లాడుకొని వేసిన కేసు చెల్లదు. 1860లో విడాకుల తీర్పును మొదట తాత్కాలికంగా ప్రకటించే పద్ధతి వచ్చింది. ఆ గడువులో కుమ్మక్కు బయటపడితే క్వీన్స్ ప్రాక్టర్ అనే అధికారి జోక్యం చేసుకోవచ్చు. అంటే ఇద్దరికీ ఇష్టమైన విడాకులను చట్టం అనుమానించింది. ఒకరు చూపిన ఔదార్యానికి హక్కును మూల్యంగా వసూలు చేసింది.

ఈ మూల్యాన్ని చెల్లించినవారిలో విమర్శకుడు జార్జ్ హెన్రీ లూయిస్ ఒకరు. భార్యకు థార్న్‌టన్ హంట్ వల్ల కలిగిన బిడ్డను ఆయన తన బిడ్డగానే నమోదు చేయించారు. ఆయన విడాకులు పొందలేకపోవడానికి జీవితచరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణం ఇదే. 1854 నుంచి ఆయన మరణించిన 1878 వరకు జార్జ్ ఎలియట్ ఆయనతో కలిసి జీవించారు గాని చట్టరీత్యా భార్య కాలేదు.

నవలలో మరణం చేసిన పని

ఇటువంటి సమాజంలో నవలాకారుడు పాత్రకు రెండో అవకాశం ఇవ్వాలంటే సులభమైన మార్గం ఒకటే: అడ్డుగా ఉన్న భర్తో భార్యో మరణించాలి. ‘జేన్ ఐర్’ (1847)లో బెర్తా మంటల్లో మరణించాకే జేన్ రోచెస్టర్‌ను వివాహమాడగలుగుతుంది. ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ (1848)లో హెలెన్ తాగుబోతు భర్తను విడిచి వెళ్లినా, జబ్బుపడిన అతనికి సేవచేసి, అతను పోయిన తరువాతే గిల్బర్ట్‌ను పెళ్లాడుతుంది. ‘మిడిల్‌మార్చ్’ (1871–72)లో కాసాబన్ మరణం డొరొతియాకు స్వేచ్ఛనిస్తుంది గాని, లాడిస్లాను పెళ్లాడితే ఆస్తి దక్కదన్న వీలునామా అనుబంధం ఆ స్వేచ్ఛకు వెల కడుతుంది.

1857 చట్టం వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదనడానికి ఎలెన్ వుడ్ రాసిన ‘ఈస్ట్ లిన్’ (1861) మంచి నిదర్శనం. పరపురుషుడితో వెళ్లిపోయిన ఇసబెల్ నుంచి భర్త కార్లైల్ విడాకులు పొందుతాడు. అయినా ఆమె రైలు ప్రమాదంలో మరణించిందని నమ్మిన తరువాతే మరో పెళ్లి చేసుకుంటాడు. బతికి బయటపడిన ఇసబెల్ మారువేషంలో తన పిల్లలకే ఉపాధ్యాయురాలిగా ఆ ఇంట చేరుతుంది. ఆమెకు మన్నింపు దొరికేది మరణశయ్యపైనే. విడాకుల చట్టం భర్తకు తెరిచిన తలుపు భార్యకు మూసే ఉందని ఈ కథ చెప్పకనే చెబుతుంది.

నేటి నవల, నాటి చట్టం

2008లో వెలువడిన షెర్రీ థామస్ నవల ‘ప్రైవేట్ అరేంజ్‌మెంట్స్’ కథాకాలం 1893. పదేళ్లుగా విడిగా ఉంటున్న భర్తను భార్య విడాకులు కోరుతుంది. వారసుణ్ణి కని ఇస్తే అంగీకరిస్తానని అతను షరతు పెడతాడు. ఆ షరతే ఇద్దరినీ మళ్లీ దగ్గర చేస్తుంది. దీన్ని 1857 చట్టం వెలుగులో చూస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. అటువంటి ఒప్పందం కుమ్మక్కు కిందికి వస్తుంది. దాన్ని అమలు చేయడమే మన్నింపు అవుతుంది. అంటే విడాకులకు వెలగా పెట్టిన షరతే విడాకుల హక్కును రద్దు చేసే చర్య.

దీన్ని రచయిత్రి లోపంగా లెక్కించనవసరం లేదు. ప్రణయ నవలకు చట్ట నిబంధనలు తు.చ. తప్పక పాటించే బాధ్యత లేదు. అయితే పరస్పర అంగీకారం అనే నేటి విలువను 1893లోకి పంపినప్పుడు ఒక నిజం మరుగున పడుతుంది. నాటి భార్యకు భర్తను మన్నించడం భావోద్వేగ సాహసం మాత్రమే కాదు. అతను మళ్లీ తప్పు చేయనంతవరకు బయటపడే దారిని స్వయంగా మూసుకోవడం.

భారతదేశానికి చేరిన వారసత్వం

ఈ సూత్రాలు ఇంగ్లండుకే పరిమితం కాలేదు. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని ఆదేశించే ‘దాంపత్య హక్కుల పునరుద్ధరణ’ కూడా చర్చి న్యాయస్థానాల నుంచి వచ్చినదే. ఆ ఆదేశాన్ని ధిక్కరించినవారికి జైలుశిక్షను ఇంగ్లండు 1884లో తొలగించింది. 1887లో బొంబాయి హైకోర్టు మాత్రం రఖ్మాబాయిని భర్త వద్దకు వెళ్లాలని, లేదంటే ఆరు నెలల జైలని ఆదేశించింది. స్వతంత్ర భారతంలో హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఈ పరిహారాన్ని నిలుపుకుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి. ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడంతో ఆ తీర్పు నిలవలేదు. పరస్పర అంగీకారంతో విడాకులు 1976 సవరణతో వచ్చినా, మన్నింపు, కుమ్మక్కు అనే మాటలు అదే చట్టం 23వ సెక్షన్‌లో నేటికీ ఉన్నాయి.

ముగింపు

విక్టోరియన్ నవలలో రెండో అవకాశానికి మరణం దారి చూపింది. నేటి చారిత్రక ప్రణయ నవలలో ఆ పని సంభాషణ చేస్తోంది. ఈ రెండింటి మధ్య మారినది ప్రేమ స్వభావం కాదు, వివాహం నుంచి బయటపడే హక్కు. బయటికి దారి ఉన్నప్పుడే తిరిగి రావడం ఎంపిక అవుతుంది. అందువల్ల ఇటువంటి కథలను పరిశీలించే పరిశోధకులు ఎవరు ఎవరిని మన్నించారన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. మన్నించకుండా ఉండగల స్థితిలో ఎవరున్నారన్నది కూడా అడగాలి. తెలుగు నవలలో భర్తను విడిచి తిరిగివచ్చిన స్త్రీ పాత్రల అధ్యయనానికి కూడా ఈ ప్రశ్న ఉపకరిస్తుంది.